ఎర్రమ్మ తరఫున ఒప్పుకున్న గోడ

అప్పటికి ఇంజనీర్లు జనాన్ని కలవడం మానేశారు. ప్రతి మనిషి తరఫునా ఒక యంత్రమే మాట్లాడి ఒప్పందాలు చేసుకునేది. అయినా ఇంజనీరు హైమావతి, అలలు ఊరిని కోసేయకుండా తను గీసిన సముద్రపు గోడ గురించి అడగడానికి జాలరిపేటకు వెళ్లింది.

"గోడ కట్టేస్తే పడవలెలా దింపుకుంటామమ్మా? నన్నెవరూ అడగలేదే!" అంది చేపలు ఎండబెడుతున్న ఎర్రమ్మ.

"మీ తరఫు యంత్రం ఒప్పుకుంది."

"అదెప్పుడైనా వేటకెళ్లిందా?"

హైమావతి ఇసుకలోనే కూర్చుని, పడవలకు దారి వదులుతూ గోడను ఫోన్‌లో మళ్లీ గీసి ఆఫీసుకు పంపింది. క్షణంలో జవాబొచ్చింది: "మార్పు కుదరదు, హైమావతి గారూ. పాత గోడే ఖాయమని మీ తరఫు యంత్రం ఇందాకే సంతకం చేసింది."

"ఏమన్నారమ్మా?" ఎర్రమ్మ ఆశగా అడిగింది.

హైమావతి తల ఎత్తలేకపోయింది. "పడవ ఇప్పుడే అమ్మేయమ్మా. గోడ లేచాక ఎవరూ కొనరు."