పదిహేడో చోటు

పొద్దున్నుంచీ ఇల్లు కదలడం లేదు. కుళాయి రాదు, పొయ్యి వెలగదు. వంటింటి గోడ మీద మాత్రం ‘నల్ పాయింటర్’ అని ఎర్రగా మెరుస్తోంది. నాంచారమ్మ ఒక్కచోట నిలవలేక వంటింటికీ వాకిలికీ మధ్య తిరుగుతోంది.

ఇళ్ళను నడిపే జావా ప్రోగ్రాములు బాగుచేసే రజియా వచ్చి గోడను చదివింది. "ఇంట్లో ఎవరి పేరైనా తీసేశారా అక్కా?"

"మా ఆయన పేరు. చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయి నెలైంది. నిన్న ఒళ్ళు మండి తీసేశా."

"కొత్తగా పేర్లు తీసేవాళ్ళంతా చేసే పొరపాటే. పేరు తీశారు గానీ, ఇల్లు ఆయన్ని పిలిచే చోట్లు అలాగే ఉన్నాయి. పిలిస్తే ఎవరూ లేక, ‘నల్ పాయింటర్’ అని చూపించి ఆగిపోతోంది. అలాంటి చోట్లు మొత్తం పదిహేడు. ఒక్కోదానికీ ‘ఆయన లేకపోతే ముందుకెళ్ళు’ అని మీ నోటితోనే చెప్పాలి."

స్నానానికి వేడినీళ్ళు, రెండో గ్లాసు కాఫీ, మాత్రల గంట... నాంచారమ్మ గబగబా చెప్పుకుపోయింది. పొయ్యి వెలిగింది. కుళాయి బుస్సుమంది.

"ఇదొక్కటే మిగిలింది," అంది రజియా. "సాయంత్రం ఆయన లోపలికొచ్చాక వీధి తలుపు గడియ వెయ్యడం."

నాంచారమ్మ వాకిలి వైపు చూసింది.

"చెప్పకపోతే రోజూ అక్కడే ఆగిపోతుందక్కా. గడియ పడదు."

"ఆగితే ఆగనీలే," అంది నాంచారమ్మ, పొయ్యి వైపు తిరిగి. "కాఫీ తాగి వెళ్ళు."