ముందు ఎవరి తూము?

"ముందు నా తూమే తియ్యాలి!" అంటూ బుల్లిరాజు పార నేలకేసి కొట్టాడు.

"ఎలా తీస్తావో నేనూ చూస్తాను!" చేలకు నీళ్ళు తెచ్చే పంటబోదె అవతలి గట్టు మీద చంద్రరావు పంచె ఎగ్గట్టాడు.

తొంభై ఎనిమిదిలో మాట. మర్నాటితో కాలువలో నీళ్ళు ఆపేస్తారు. రెండో పంట, దాళ్వా చేలు పాలు పోసుకుంటున్నాయి. ఇద్దరి వెనకా కర్రలు పట్టుకున్న మనుషులున్నారు. నిజానికి ఇద్దరి మడుల్లోనూ పాదం మునిగే నీళ్ళున్నాయి. పంతం తీరడానికి మాత్రం అవి చాల్లేదు.

ఎవరో పరుగెత్తుకెళ్ళి ఉదయభాస్కర్ గారిని తీసుకొచ్చారు. మూడు దేశాల్లో రాయబారిగా చేసి రిటైరై ఊరు చేరిన మనిషి. ఏ దేశంలో ఉన్నా ఏటా ఊరొచ్చి నాలుగు రోజులుండి వెళ్ళేవారు. తుపాకులు పట్టుకున్నవాళ్ళనే ఎదురెదురుగా కూర్చోబెట్టారని ఊళ్ళో గొప్పగా చెప్పుకుంటారు. పారలు పట్టుకున్నవాళ్ళు ఆయనకో లెక్కా అనుకున్నారు అందరూ.

"నేను మాట్లాడాలంటే ఒక షరతు," అన్నారాయన. "తగువు తేలేదాకా ఇద్దరి తూములూ మూసెయ్యాలి. మీ మనుషులతో సహా అంతా సొసైటీ ఆఫీసుకొచ్చి నా ఎదురుగా కూర్చోవాలి. ఏ దేశంలోనైనా ఇదే పద్ధతి."

ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు. అవతలివాడి తూము మూతపడుతుందంటే ఎవరికి చేదు?

అప్పుడు సూర్యకళ ముందుకొచ్చింది. బోదె చిట్టచివర రెండెకరాలు కౌలుకు చేసుకునే మనిషి. ఆమె చేను అప్పటికే నెర్రెలిచ్చింది.

"నా సంగతి కూడా చూడండి బాబుగారూ. ఇయ్యాల తడవకపోతే పంటంతా తాలైపోద్దండి."

"నువ్వుండమ్మా, ముందు మాది తేలనీ," అన్నారు బుల్లిరాజూ చంద్రరావూ. ఆ రోజు వాళ్ళిద్దరూ కలిసి అన్న మాట అదొక్కటే.

ఉదయభాస్కర్ గారు ఆమెను పక్కకి తీసుకెళ్ళి ఏదో చెప్పారు. సూర్యకళ వెంటనే వెళ్ళిపోయింది. సొసైటీ గుమస్తా లోవరాజు చెవి అటే వేశాడు గానీ ఒక్క ముక్క వినబడలేదు.

సొసైటీ ఆఫీసులో మాటలు మొదలయ్యాయి. ఎవరు ఏ వైపు కూర్చోవాలన్నది తేలేసరికే ఎండ ముదిరింది. ఆ తర్వాత అసలు ఆ బోదె ఎవరు తవ్వించారని అడిగారాయన. బుల్లిరాజు వాళ్ళ తాత పేరు చెబితే చంద్రరావు లేచాడు. చంద్రరావు వాళ్ళ తాత పేరు చెబితే బుల్లిరాజు లేచాడు. ఇద్దరు తాతల కథలూ ఆయన తలూపుతూ విన్నారు. భోజనాలు కూడా ఊళ్ళో కాకుండా తణుకు పట్నం నుంచి తెప్పించారు. అవి వచ్చేదాకా ఎవరూ కదలడానికి లేదన్నారు.

లోవరాజు ఇక ఉండబట్టలేకపోయాడు. "చీటీ వేసేస్తే పోయేదానికి ఈ నాన్చుడేంటండి?"

"తొందరపడితే బెడిసికొడుతుంది లోవరాజూ," అని ఆయన మళ్ళీ మొదటి తాత దగ్గరికొచ్చారు.

లోవరాజుకి ఆయన మీద ఉన్న గురి కాస్తా పోయింది. రెండు తూముల తగువు తీర్చలేని ఈయన అక్కడ దేశాల మధ్య ఏం వెలగబెట్టారో అనుకున్నాడు. వేళ్ళు విరుచుకుంటూ గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు.

పొద్దు వాలింది. తాతలిద్దరూ అయిపోయి ముత్తాతల దగ్గరికొచ్చారు. అంతలో గుమ్మంలోకి సూర్యకళ వచ్చి నిలబడింది. మోకాళ్ళదాకా బురద. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"బాబుగారూ, మీరు చెప్పినట్టే నీళ్ళన్నీ కిందికొచ్చి నా ఆఖరి మడి కూడా నిండిందండి. ఇంక వీళ్ళిద్దరికీ రాజీ చేసెయ్యండి!"