సీతారత్నం అలక

సీతారత్నం ఇంకా రాలేదు.

ప్రాగ్ పాత పట్నం కూడలిలో, గడియారం బురుజుకి ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాడు దామోదర్. గంట కొట్టింది. జనం ఫోన్లు పైకెత్తారు. గడియారం పక్కన అస్థిపంజరం బొమ్మ తాడు లాగింది. పిల్లలు కేరింతలు కొట్టారు. ఆయన చూపు మాత్రం ఆ సందడి మీద లేదు.

పక్కనే, బహ్రెయిన్‌లో తాముండే రిఫా నుంచి తెచ్చిన అరిటాకు ముక్కలో అన్నం, ముద్దపప్పు, నెయ్యి. అద్దె గదిలో తనే వండాడు. ఆమె తినేదాకా తనూ తినడు.

పావురాలు ఎగబడ్డాయి.

"మీకు కాదు! పొండి, పొండి!" గొడుగుతో అదిలించాడు.

బహ్రెయిన్ నుంచి కొడుకు సాకేత్ ఫోన్.

"అమ్మ వచ్చిందా నాన్నా?"

"లేదురా. ఇంకా అలకే."

"ఇక్కడ మేడ మీద అంతసేపు బతిమాలినా రాలేదు. అక్కడైనా..."

"రిఫాలో ఎందుకొస్తుందిరా? తీసుకొస్తానన్నది ఇక్కడికి. వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూ దాటేసింది నేను."

"ఏదైనా మాటివ్వు."

"బీపీ మాత్ర మాననన్నాను. పేకాట మానేస్తానన్నాను."

"కోడలి కూరకి వంకలు పెట్టనని కూడా చెప్పు."

"అదీ చెప్పానురా. నమ్మట్లేదు."

నవ్వబోయాడు. ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం విమానం. ఆమె రాకుండానే వెళ్లిపోతే ఆ కోపం ఇక తీరేది కాదు. తీర్చడానికి తన దగ్గర మరో దారి లేదు.

బెంచీ చివర కుక్కతో ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఆకునీ, ఆయన ముఖాన్నీ మార్చి మార్చి చూసింది.

"ఎవరి కోసమైనా చూస్తున్నారా?" ఇంగ్లీషులో అడిగింది.

"నా భార్య కోసం."

ఆవిడ లేచింది. కుక్కని తీసుకుని అవతలి బెంచీకి వెళ్లిపోయింది. పోతూ పోతూ పావురాల్ని కూడా తరిమింది. దామోదర్ ఆవిడకి చేతులెత్తి దండం పెట్టాడు.

ఎండ బురుజు దాటింది. అన్నం చల్లారిపోయింది.

"రత్నం, తప్పు నాదే. ఇదిగో, వచ్చాంగా. ఒక్క మెతుకు ముట్టు. ఇంకేమీ అడగను."

కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

రెక్కల చప్పుడైంది. మళ్లీ పావురమేనని గొడుగు ఎత్తాడు. ఎత్తిన గొడుగు ఎత్తినట్టే ఆగిపోయింది.

ఆకు అంచున వాలిన కాకి, మెడ వంచి ఆయన్ని ఒకసారి చూసి, పప్పన్నం ముద్దని ముక్కున కరుచుకుంది.