సీసా మీద దరువు

"నీ పేరేమిటి? ఏ ఊరు?"

కెన్యా పిల్ల నెకేసా వచ్చీరాని హిందీలో నాలుగోసారి అడిగింది.

అంకాలమ్మ మొహం తిప్పుకుంది. పేరూ ఊరూ తెలిస్తే చేతబడి చేసేవాళ్ళకు ఇంకేం కావాలి?

జాబ్రియాలో తను పనిచేసే అరబ్బుల ఇంటి యజమానురాలు, 'మామా', ఇస్త్రీపెట్టెతో చెయ్యి కాల్చిన రోజున ఆ ఇంట్లోంచి పారిపోయింది అంకాలమ్మ. వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, కఫీల్, పారిపోయిందని కేసు పెట్టాడు. పోలీసులు పట్టుకుని ఈ గదిలో వేసి మూడు నెలలయింది. ఏడుగురు ఆడవాళ్ళు, ఒక ఇనుప తలుపు. ఫోను మామా దగ్గరే ఉండిపోయింది, ఒక్క నంబరూ నోటికి రాదు. బతికుందో లేదో కూడా ఇంట్లో వాళ్ళకు తెలియదు.

నెకేసా మాత్రం పొద్దున లేస్తే ఖాళీ నీళ్ళ సీసా మీద దరువేస్తూ, ఊపిరి తిప్పుకోకుండా ఏదో చదివేది. మధ్యమధ్యలో గదిలోవాళ్ళ పేర్లు!

"మంతరం జేస్తాందే! నీ పేరెందుకు జెప్పినావు?" రాయచోటి షాహజాదిని కసిరింది అంకాలమ్మ.

"మంతరం గాదక్కా, రాప్ పాటంట. వాళ్ళ దేశంలో పోలీసోళ్ళు వాళ్ళన్నను కొట్టి సంపితే, ఇట్లనే పాట కట్టి వీధుల్లో పాడిందంట."

"పాడితే సచ్చినోడు లేసొచ్చినాడా?"

షాహజాదికి జ్వరమొచ్చిన రోజు, మందు అడిగినందుకు కాపలా పోలీసామె నెకేసా చెంప పగలగొట్టింది. "నల్లదానా, నోరు ముయ్!" అంది.

నెకేసా ముయ్యలేదు. ఆ దెబ్బను కూడా పాటలో కలిపింది.

గురువారం మనిషికి రెండు నిమిషాలు ఫోను. మిగతావాళ్ళకు ఏడవడానికే సరిపోని ఆ రెండు నిమిషాలూ ఆ పిల్ల ఫోనులో సీసా కొడుతూ పాడేది. ఈసారి పాడుతూ పాడుతూ అంకాలమ్మ చేతి వంక చూసింది.

మంత్రం ఇక తన మీదికే అనుకుంది అంకాలమ్మ. చేతబడికి అరబ్బీ మాట ఆమెకు తెలుసు. తలుపు దగ్గరికి ఉరికి, కాపలా ఆమెతో అనేసింది.

"సిహర్, మామా! సిహర్!"

సాయంత్రానికి నెకేసాను ఈడ్చుకుపోయారు. సీసా మూలన పడి ఉంది.

"పీడ పోయె," అంది అంకాలమ్మ. ఆ వారమంతా హాయిగా నిద్రపోయింది కూడా.

పదో రోజు పనివాళ్ళ సంఘం నుంచి ఒక తెలుగాయన కాగితం పట్టుకుని వచ్చాడు.

"షాహజాది, రాయచోటి. మీరేనా?"

"నేనే. మేమీడ ఉండామని మీకెట్లా తెలిసె అన్నా?"

ఆయన తన ఫోను నొక్కాడు. సీసా దరువు. ఆ గొంతు.

"ఫోనులో పాడింది ఆమె వాళ్ళు రికార్డు చేసి నెట్‌లో పెట్టారు. లక్షల మంది విన్నారమ్మా ఈ పాట. పాడినామె ఏది?"

"ఖలాస్," అంది కాపలా ఆమె, చేతులు దులుపుకుంటూ.

అందరూ అంకాలమ్మ వైపు చూశారు. ఆమె నైటీ చెయ్యి మణికట్టు దాకా లాక్కుంది. ఆ పాటలో తన పేరుండదు. చెబితేగా ఉండడానికి!

ఆయన ఆరు పేర్లూ చదివి, కాగితం అడుగున ఆగాడు.

"ఇంకొకామె ఉండాలే. 'పేరు చెప్పడానికి భయపడే మా అక్క, ఎడమచేతి మీద ఇస్త్రీపెట్టె మచ్చ, నన్ను మరిచినా ఆమెను మరవకండి' అని పాట ఆఖర్న ఉంది. ఎవరమ్మా ఆమె?"