ఒకటే తాళంచెవి

ఆ గదికి ఒకటే తాళం, ఒకటే తాళంచెవి.

పటాన్‌చెరు శివారులో మోటార్లు చేసే కార్ఖానా అది. సంవత్సరం డెబ్బై ఆరు. గదికి ఇటు లేతు యంత్రాలు, అటు మోటార్లు బిగించే ఆడవాళ్ళు. ఇటువాళ్ళు ఇరుసులు తెచ్చి గదిలో పెట్టాలి, అటువాళ్ళు తీసుకుపోవాలి. ఒకరు లోపలుంటే మరొకరు అడుగుపెట్టరాదు. ఇద్దరూ ఒకేసారి గదిలోని పలక మీద ఇరుసుల అంకె దిద్దితే లెక్క తప్పుతుందని ఆ కట్టడి.

భీమవరం నుంచి వచ్చి లేతు మీద పనిచేసే బాపిరాజుకు ఆ కట్టడి వరమైంది. అతడు గదిలో ఉన్నంతసేపూ, ఇరుసులు తీసుకుపోవడానికి వచ్చిన చంద్రకళ గుమ్మం బయట నిలబడేది. ఇరుసులు పెట్టడానికి రెండు నిమిషాలు చాలు. అతడు పది నిమిషాలు పెట్టేవాడు. బయటికొచ్చాక కూడా తాళంచెవి వెంటనే ఇచ్చేవాడు కాదు.

"అన్నా, చాబీ ఇయ్యుండ్రి. అక్కడ పని ఆగింది."

"ఇస్తానండి. ఎక్కడికి పారిపోతాను?"

ఆమె తల దించుకుని చెయ్యి చాపేది. ఆ దించుకున్న తలలో అతడు సిగ్గును చూశాడు. అన్నా అనడం ఈ ప్రాంతపు అలవాటేనని సరిపెట్టుకున్నాడు. కొన్నాళ్ళకు ఆమె వెంట పెద్దావిడ మల్లమ్మ కూడా రాసాగింది. పెద్దదిక్కుకు తనను చూపిస్తోందని పొంగిపోయాడు. మీ ఇంటికి మా అమ్మను పంపనా అన్న ఒక్క మాటను అద్దం ముందు నెలరోజులు చెక్కుకున్నాడు. దసరా వెళ్ళగానే అడగాలి.

దసరా సెలవులు ముగిసి వచ్చేసరికి గది లేదు, తాళమూ లేదు.

అక్కడ రెండు వైపులకూ మధ్య గోడలో నిలువెత్తు చెక్క, చెక్కకు ఇటునుంచి అటుకు ఇరవై బెజ్జాలు. ఇరుసు పెడితే దాని బరువుకే ఆ బెజ్జం పక్కనున్న ఎర్రబిళ్ళ లేస్తుంది, తీస్తే పడిపోతుంది. పెట్టడం, లెక్క వేయడం ఇక రెండు పనులు కావు. ఒకటే కదలిక. దాని మధ్యలో ఎవరూ దూరలేరు. ఎవరికోసం ఎవరూ ఆగరు. అవతల గాజుల చప్పుడు వినిపించేది, అంతే.

పని రెట్టింపైంది. మేనేజరు మురిసిపోయాడు. బాపిరాజుకు తిండి సహించలేదు. నోటిదాకా వచ్చిన మాటను ఎవడో నిర్దయుడు లాక్కుపోయాడు. ఈ చెక్క ఆలోచన ఎవడిదని రోజూ ఆరా తీశాడు. సలహాల పెట్టెలో దొరికిన కాగితమని మాత్రం చెప్పి, సూపర్‌వైజరు వెంకటనారాయణ దాటవేసేవాడు.

"ఒక్కసారి చూపించండి సార్. వాడి మొహాన్నే అడుగుతాను, నీకు నేనేం ద్రోహం చేశానని."

వెంకటనారాయణ సొరుగు లాగాడు. అందులోంచి మడతల కాగితం తీశాడు. పేరున్న మూలను చింపి జేబులో వేసుకుని, మిగతాది బల్ల మీద పెట్టాడు.

"సదువుకో. ఇగ నన్నడగకు."

పెన్సిలుతో గీసిన చెక్క, బెజ్జాలు, బిళ్ళలు. వాటి కింద గుండ్రటి అక్షరాలతో ఒక్క వాక్యం:

"గిట్ల చేస్తే పని ఆగది సార్, చాబీ కోసం ఆ అన్న ముంగట చెయ్యి చాపి నిలబడుడు నాకు తప్పుతది."