వెనక వరుసలో నవ్వు

డైలాగు ఇంకా ఉదయశ్రీ నోట్లోంచి రానేలేదు, ముందు వరుసలోని ముసలామె పకపకా నవ్వేసింది.

రిహార్సల్ ఆగిపోయింది.

హోసూరు తెలుగువాళ్ల ఉగాది వేడుక అది. సాయంత్రం కల్యాణ మండపంలో హాస్య నాటిక. కొత్త కోడలు చేసిన ఉగాది పచ్చడిని అత్త రుచి చూడడం, అంతే కథ. అత్త వేషం ఉదయశ్రీది. ఫ్యాక్టరీలో సర్క్యూట్ బోర్డులు బిగించే పిల్ల, వేషం కడితే మాత్రం మనిషే మారిపోతుంది.

మారిపోయి ఎవరవుతుందంటే, అలివేలు అవుతుంది.

ఒకప్పుడు నాటకాల్లోనూ, ఆ తర్వాత టీవీలోనూ గయ్యాళి అత్తగా ఇంటింటినీ నవ్వించిన అలివేలు. పెద్ద కొప్పు, రూపాయి బిళ్లంత బొట్టు, కీచుగొంతు, బాతు నడక. సొంతూరు జవళగిరిలో చిన్నప్పటి నుంచి ఆ నడకతోనే ఉదయశ్రీ చప్పట్లు కొట్టించుకుంది. వేషం కోసం హైదరాబాదు వెళ్తే టీవీ వాళ్లు కూడా, "అచ్చం అలివేలే!" అని మెచ్చుకున్నారు. మెచ్చుకున్నారే గాని మళ్లీ పిలవలేదు. ఎందుకో ఆ పిల్లకు అంతుపట్టలేదు.

ఆ టీవీ వాళ్లే కొత్తవాళ్లను ఎంచుకోవడానికి ఈ సాయంత్రం హోసూరు వస్తున్నారు. ఇదీ పోతే ఇంక నటన మాట ఎత్తనని ఉదయశ్రీ ఒట్టు పెట్టుకుంది.

అలాంటి రోజున ఈ ముసలామె ఒకతి! కత్తిరించిన తెల్లజుట్టు, లావు కళ్లద్దాలు, బక్కపలచని మనిషి. నాటిక నేర్పే రాజప్ప, "మాకు తెలిసినామె, కృష్ణగిరి నుంచి వచ్చింది. చూడనీమ్మా" అని కూర్చోబెట్టాడు.

బాతు నడకకు ఆమె నవ్వలేదు. కీచుగొంతుకూ నవ్వలేదు. తీరా వేపపువ్వు అంగిట్లో అతుక్కుని, ఉదయశ్రీ డైలాగు మరిచిపోయి మూతి వంకర పెట్టినప్పుడు నవ్వింది.

"ఏమవ్వా, నేను మాట మర్చిపోతే నీకు నవ్వులాటగా ఉండాదా?"

ముసలామె ఆమె పెదవులవైపే చూస్తూ తలూపింది.

"ఆడనే తల్లీ నవ్వొచ్చింది. ఆ మూతి నీది. నడక మాత్రం యాడనో చూసినట్టుండాది."

"అది అలివేలమ్మ నడక!"

"ఆమె నడక ఆమెకే ఉండనీ. ఆమె అంత గొప్పగా చేసేదేమీ కాదులే."

ఉదయశ్రీకి ఒళ్లు మండిపోయింది. తనను తిట్టినా ఊరుకునేదేమో.

"నాటకం సంగతి నీకేం తెలుసవ్వా? సాయంత్రం ముందర కూర్చోవద్దు, వెనక వరుసలోకి పో. నీ నవ్వుతో నా మాటలు పోతాయి."

"అట్లనే తల్లీ," అంది ముసలామె, ఏమాత్రం నొచ్చుకోకుండా.

రాజప్ప ఏదో చెప్పబోయాడు. ఆమె కళ్లతోనే వద్దంది.

సాయంత్రం మండపం కిటకిటలాడింది. ఉదయశ్రీ బాతు నడకతో రాగానే చప్పట్లు పడ్డాయి. టీవీ వాళ్లు మర్యాదకు నవ్వి ఫోన్లు చూసుకోసాగారు.

అత్త పచ్చడి గిన్నె అందుకుంది. సరిగ్గా అప్పుడే మైకు గుర్రుమని ఆగిపోయింది.

"వినపడ్లే! ఏమీ వినపడ్లే!" జనం ఒకటే గోల.

అయిపోయింది, ఇంతటితో తన నటన అయిపోయింది అనుకుంది ఉదయశ్రీ. ఏం చెయ్యాలో తెలియక పచ్చడి నోట్లో పెట్టుకుంది. మళ్లీ అదే వేపపువ్వు. మూతి దానంతటదే వంకరపోయింది.

ఆ గోలలో, వెనక వరుసలోంచి పకపకా నవ్వు.

ఒక్కతే నవ్వుతోంది. మైకు పోవడమనేదే జరగనట్టు, హాయిగా నవ్వుతోంది.

ఆ మూతి నీది.

ఉదయశ్రీ డైలాగులు వదిలేసింది. కీచుగొంతూ, బాతు నడకా కూడా వదిలేసింది. ఇంకో చెంచా తీసుకుంది. పులుపుకు ఒక కన్ను మూతపడింది. ఎదురుగా కోడలు ఆశగా చూస్తోంది, ఏడవకూడదు కదా! సగం మొహం ఏడుస్తుంటే మిగతా సగంతో బాగుందని నవ్వింది. ముందు వరుస గొల్లున నవ్వింది. ఆ వెనకే మండపమంతా. మైకు బాగుచేసి తెచ్చిన మనిషిని ఉదయశ్రీ చేత్తోనే వద్దని పంపేసింది.

నాటిక అయ్యాక టీవీ ఆయన దగ్గరకొచ్చాడు.

"అలివేలులా చేసేవాళ్లు ఊరికొకరు దొరుకుతారమ్మా. నువ్వు ఇవాళ చేసింది మాత్రం మేమెక్కడా చూడలేదు. వచ్చే నెల షూటింగుకు వచ్చెయ్."

ఉదయశ్రీ వేషమైనా తీయకుండా వెనక వరుసకు పరుగెత్తింది. కుర్చీ ఖాళీగా ఉంది. బయటికి వస్తే రాజప్ప ఒక్కడే ఎదురొచ్చాడు.

"అవ్వ యాడన్నా?"

"ఇప్పుడే కృష్ణగిరి బస్సెక్కించి వస్తాండానమ్మా."

ఉదయశ్రీకి ఏడుపొచ్చినంత పనైంది. "పొద్దున ఊరికే కసురుకుంటిని. మైకు పోయి అందరూ గోల చేస్తావుంటే ఆమె ఒక్కతే ఎట్ల నవ్విందన్నా?"

"మైకు పోయిందని ఆమెకు తెలిస్తే కదమ్మా! చెవులు పోయి శానా ఏండ్లాయె. పెదవులు చూసే మాట తెలుసుకుంటాది. ఎదుటోళ్ల మాటా, జనం నవ్వూ వినపడకపోతే కామెడీ యాడ చేసేదని వేషాలు మానేసింది."

"వేషాలా? ఎవురన్నా ఆమె?"

రాజప్ప ఇంక దాచలేకపోయాడు.

"'నేనని చెప్పొద్దు రాజప్పా, చెప్తే ఆ పిల్ల మళ్లా నన్నే చేస్తాది' అని నాచేత ఒట్టు వేయించుకునింది. పొద్దున నువ్వు వెనక వరుసకు పంపించింది అలివేలమ్మనే తల్లీ."