ఉమ్మడి తుపాకి

అడవి పందులు పెరిగిపోయాక, ఊళ్ళో ప్రతి మక్కచేను మంచె మీదికీ ఒక తుపాకి వచ్చింది. లైసెన్సు పత్రంలో ఎవరి పేరుంటే వాళ్ళ అరచెయ్యి ఆనితేనే అది పేలుతుంది.

నాలుగేళ్ళ కిందట ఓదెలు తుపాకి తీసుకున్నప్పుడు లైసెన్సు ఆఫీసులో గుమస్తా అడిగాడు, ఒక్కరి పేరు మీదనా, ఉమ్మడిగానా అని.

"ఆలుమగలకు ఉమ్మడి రాయుండ్రి సారూ."

పక్కనే ఉన్న భార్య కనుకవ్వ చెయ్యి కొంగులో దాచుకుంది. "నాకొద్దయ్యా. పిల్లలకు బువ్వ పెట్టే చెయ్యిది."

ఓదెలు నవ్వి, ముద్రలు తీసే పలక మీద తన ఒక్క చెయ్యే వేశాడు.

మొన్న పొద్దున కనుకవ్వ మక్క గటుక బువ్వ గిన్నెతో చేనికి వెళ్ళేసరికి ఒక పంది ఓదెలును కింద పడేసి పొడుస్తోంది. తుపాకి ఆమె కాళ్ళ దగ్గరే పడి ఉంది. ఎత్తి, రెండు చేతులూ పిడికి మార్చి మార్చి ఆనించింది.

"మీరు యజమాని కారు. దయచేసి యజమానిని పిలవండి" అని తుపాకి మర్యాదగా చెబుతూనే ఉంది.

ఆమె పిలుస్తూనే ఉంది.

ఇవాళ అదే గుమస్తా ఆ తుపాకిని బల్ల కింద పెట్టాడు. "పోయినాయన ఒక్కని పేరు మీదున్నది గదా, దీన్ని కరిగిస్తరమ్మా. కొత్తది ఎట్ల రాయాలె?"

కనుకవ్వ పలక మీద అరచెయ్యి ఆనించింది. "ఉమ్మడి."

"నీతోటి ఇంకెవరు?"

"పందొచ్చిన యాళ్లకు ఎవ్వలు దగ్గరుంటే వాళ్ళు సారూ."

గుమస్తా పత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అలా రాయడానికి అందులో గడి లేదు.

కనుకవ్వ మాత్రం పలక మీంచి చెయ్యి తియ్యలేదు.